హ్యుందాయ్: పోయిన పేరు ఎలా తిరిగొచ్చింది?

1986లో అమెరికా మార్కెట్లోకి కొరియా కంపెనీ హ్యుందాయ్ ఎక్సెల్ అనే చిన్న కారును తెచ్చింది. ధర 4,995 డాలర్లు. అంత తక్కువకు కొత్త కారు దొరకడం అక్కడ అరుదు. మొదటి ఏడాదే 1,68,000కు పైగా అమ్ముడుపోయాయి. అమెరికాలో కొత్తగా అడుగుపెట్టిన విదేశీ కంపెనీ ఏదీ తొలి ఏడాది అన్ని కార్లు అమ్మలేదు. మరుసటి ఏడాది లెక్క 2,63,000 దాటింది. తర్వాత పతనం మొదలైంది. 1998కి వచ్చేసరికి హ్యుందాయ్ అక్కడ అన్ని మోడళ్లూ కలిపి అమ్మగలిగినవి సుమారు 90,000 కార్లే. టీవీ హాస్య కార్యక్రమాల్లో ఆ కంపెనీ పేరెత్తితే చాలు, జనం నవ్వేవారు.

అదే కంపెనీ 2022లో, కియాతో కలిపి, ప్రపంచవ్యాప్తంగా 68 లక్షలకు పైగా వాహనాలు అమ్మి టయోటా, ఫోక్స్‌వ్యాగన్ తర్వాత మూడో స్థానంలో నిలిచింది. మధ్యలో ఏం జరిగింది? పదేళ్ల వారంటీయే కాపాడిందని కొందరంటారు. ఛైర్మన్ పట్టుదలని కొందరు, యూరప్ నుంచి తెచ్చుకున్న డిజైనర్లని మరికొందరు. తక్కువ ధరకు ఎక్కువ సదుపాయాలు ఇవ్వడమే అసలు కారణమనే వాళ్లూ ఉన్నారు. అన్నిటిలోనూ కొంత నిజముంది. కానీ ఈ నలభై ఏళ్ల కథను మంచిచెడ్డలతో కలిపి చూస్తే నాకు ఒకటే కనిపిస్తుంది. కారులోని లోపానికి అయ్యే ఖర్చు కంపెనీ నెత్తిన పడ్డ ప్రతిసారీ నాణ్యత పెరిగింది. ఆ ఖర్చు కొన్నవాడి నెత్తిన పడ్డచోటల్లా పేరు చెడింది.

మొదటి పతనం ఎందుకు వచ్చిందో ముందు చూడాలి. హ్యుందాయ్ మోటార్‌ను 1967లో పెట్టింది చుంగ్ జు-యుంగ్. అప్పటికే రోడ్లు, వంతెనలు కట్టి పేరు తెచ్చుకున్న నిర్మాణ వ్యాపారి. మొదట కొరియాలోని ఉల్సాన్‌లో ఫోర్డ్ కార్టినా కార్లను బిగించారు. తర్వాత సొంత కారు కావాలని పంతం పట్టి, ఇటలీ డిజైనర్ జుజారోతో రూపం గీయించి, బ్రిటిష్ లేలాండ్‌లో పనిచేసిన జార్జ్ టర్న్‌బుల్‌ను పిలిపించి, మిత్సుబిషి ఇంజన్ పెట్టి పోనీ అనే కారు తయారు చేశారు. 1975లో మొదలైన ఆ కారు కొరియా వాళ్లకు దేశగౌరవంగా మారింది. 1984లో కెనడా వెళ్లి అక్కడా బాగా అమ్ముడైంది. దాంతో ధైర్యం వచ్చి ఎక్సెల్‌తో అమెరికా వెళ్లారు.

ఫ్యాక్టరీ అమ్మకాలంత వేగంగా ఎదగలేదు. తుప్పు, ఊడే రంగు, కరెంటు గొడవలు, తొందరగా చేతికొచ్చే విడిభాగాలు. పైగా ఆ కార్లు కొన్నవాళ్లలో చాలామంది అప్పు దొరకడమే కష్టమైన సామాన్యులు, మొదటిసారి కొత్త కారు కొన్న కుర్రవాళ్లు. రిపేరుకు డబ్బు పెట్టలేని ఇంటికి, రిపేర్లు ఎక్కువ వచ్చే కారు చేరింది. ఈ అన్యాయాన్ని వ్యాపార చరిత్రలు ఒక వాక్యంలో దాటేస్తాయి కానీ హ్యుందాయ్ పరువు పోయింది ఇక్కడే. రెండు మూడేళ్లకే పాత కారు ధర పడిపోయేది. వాయిదాలు మాత్రం ఇంకా కట్టాలి. 1989లో కెనడాలోని బ్రోమాంట్‌లో కట్టిన ఫ్యాక్టరీ 1993లోనే మూతపడింది.

అదే సమయంలో కంపెనీ లోపల వేరే పని సాగుతోంది. మిత్సుబిషి మీద ఆధారపడితే ఎన్నటికీ చెప్పుచేతల్లోనే ఉండాలని సొంత ఇంజన్ మొదలుపెట్టారు. లీ హ్యున్-సూన్ అనే ఇంజనీరు బృందం 1991లో ఆల్ఫా ఇంజన్‌ను తెచ్చింది. కొరియా సొంతంగా తయారు చేసుకున్న మొదటి కారు ఇంజన్ అది. కొనేవాళ్లకు ఈ సంగతి పట్టలేదు. కానీ తప్పు ఎక్కడుందో వెతికి సరిచేయాలంటే ముందు ఆ వస్తువు మనది కావాలి. అద్దెకు తెచ్చుకున్న ఇంజన్‌లో లోపం వస్తే ఉత్తరాలు రాయడం తప్ప చేయగలిగేది తక్కువ.

1997-98లో ఆసియా ఆర్థిక సంక్షోభం కొరియాను కుదిపేసింది. దివాలా తీసిన కియాను హ్యుందాయ్ కొనేసింది. ఉల్సాన్‌లో ఉద్యోగాల కోతల మీద పెద్ద సమ్మె జరిగింది. ఆ సమయంలోనే స్థాపకుడి కొడుకు చుంగ్ మోంగ్-కూ చేతికి కంపెనీ వచ్చింది. ఆయన అంతకుముందు నడిపిన వ్యాపారాల్లో హ్యుందాయ్ కార్ల సర్వీసు కూడా ఉంది. అమ్మేవాడు వినని మాటలు సర్వీసు చేసేవాడు వింటాడు. బాగుచేయడానికి వచ్చిన కార్లను ఏళ్ల తరబడి చూసినవాడు కాబట్టే ఆయన పట్టు నాణ్యత మీద పడిందని నేను నమ్ముతాను.

ఆయన పగ్గాలు చేపట్టిన తొలి రోజుల్లో ఉల్సాన్ ప్లాంటుకు వెళ్లి, అసెంబ్లీ లైను మీద ఓ సొనాటా కారు బానెట్ ఎత్తి చూసిన సంగతి వ్యాపార పత్రికల్లో వచ్చింది. లోపల వైర్లు వదులుగా వేలాడుతున్నాయి. గొట్టాలు చిక్కుపడి ఉన్నాయి. బోల్టులకు నాలుగు రకాల రంగులున్నాయి. కారు నడవడానికి బోల్టు రంగుతో పనిలేదు. కానీ ఒకే చోట నాలుగు రంగుల బోల్టులు ఉన్నాయంటే, ఎవరికి తోచింది వాళ్లు తెచ్చి బిగిస్తున్నారని, అడిగేవాడు లేడని అర్థం. బోల్టులన్నీ ఒకే రంగులో ఉండాలని, ప్రతి మరా బిగించాకే కారు బయటికి వెళ్లాలని ఆయన ఆదేశించారు. ఆ తర్వాత నాణ్యత విభాగం బలగాన్ని ఎన్నో రెట్లు పెంచి నేరుగా తనకే జవాబు చెప్పేలా పెట్టుకున్నారు. లైను ఆపితే ఉత్పత్తి లెక్క తగ్గుతుందని భయపడే మేనేజరు కంటే, లోపంతో కారు వెళితే పైనుంచి పిలుపు వస్తుందని భయపడే మేనేజరు జాగ్రత్తగా ఉంటాడు.

ఇక ఆ వారంటీ. 1998 చివర్లో, ఫిన్‌బార్ ఓనీల్ నేతృత్వంలోని అమెరికా విభాగం ఇంజన్, గేర్‌బాక్సులకు పదేళ్లు లేదా లక్ష మైళ్ల హామీ ప్రకటించింది. లక్ష మైళ్లంటే సుమారు 1,60,000 కిలోమీటర్లు. ప్రత్యర్థుల్లో చాలామంది కారు మొత్తానికి ఇచ్చే మామూలు హామీ అప్పట్లో మూడేళ్లు, 36,000 మైళ్లు. హ్యుందాయ్ మునిగిపోతుందని అనుకున్నవాళ్లు చాలామంది. ఆ హామీలో ఒక మెలిక ఉందని కూడా చెప్పాలి. పదేళ్లూ వర్తించేది మొదటి యజమానికే. రెండో చేతికి మారితే ఐదేళ్లు, 60,000 మైళ్లే.

ఈ వారంటీని ప్రచార ఎత్తుగడగా చూసేవాళ్లు సగమే చూస్తున్నారు. కొనేవాడి భయం పోగొట్టిన మాట నిజమే. అంతకంటే పెద్ద మార్పు కంపెనీ లోపల జరిగింది. హామీ కాలంలో బాగుచేసిన ప్రతి రిపేరుకూ డీలరు బిల్లు పంపుతాడు. అందులో భాగం నంబరు, కారు నడిచిన దూరం, లోపం వివరం ఉంటాయి. ఆ బిల్లులు వేలల్లో పోగయితే ఏ భాగం ఎప్పుడు పాడవుతోందో, ఏ సరఫరాదారు సరుకు బాగాలేదో పటం గీసినట్టు తెలుస్తుంది. పైగా రాబోయే పదేళ్ల రిపేర్లకు కారు అమ్మిన రోజే పద్దుల్లో డబ్బు కేటాయించాలి. అంటే లోపం ఇక నాణ్యత విభాగం గొడవ ఒక్కటే కాదు, లెక్కల విభాగానికీ తలనొప్పే. మూడేళ్ల తర్వాత పాడయ్యే భాగం మీద ఒక డాలరు మిగుల్చుకోవడం మూడేళ్ల హామీలో లాభం. పదేళ్ల హామీలో అదే డాలరు పెద్ద నష్టం తెస్తుంది.

ఫలితం అంకెల్లో కనిపించింది. జేడీ పవర్ సంస్థ కొత్త కారు కొన్న 90 రోజుల్లో వచ్చే ఇబ్బందులను లెక్కగడుతుంది. 1998లో హ్యుందాయ్‌కు ప్రతి 100 కార్లకు 272 ఇబ్బందులు తేలాయి. 2004లో 102. ఆ ఏడాది టయోటా బ్రాండుకు 104. అమెరికా వాహన పరిశ్రమ నమ్మలేకపోయింది. 2006లో పోర్షే, లెక్సస్‌ల తర్వాత మూడో స్థానం హ్యుందాయ్‌దే.

ఇక్కడ నా అభ్యంతరం ఒకటి చెప్పాలి. ఈ అంకెల్ని పదేపదే ఉదహరించే వ్యాసాలు, అదే సంస్థ చేసే రెండో సర్వేను తరచూ మరిచిపోతాయి. మూడేళ్లు వాడాక కారు ఎలా ఉందో చూసే ఆ సర్వేలో 2004లో హ్యుందాయ్ సగటు కంటే బాగా వెనకబడే ఉంది. అప్పుడు కొలిచినవి మూడేళ్ల కిందటి కార్లు కాబట్టి అది కొంత సహజమే. అయినా తొలి 90 రోజుల నాణ్యత వేరు, మన్నిక వేరు. మొదటిది అసెంబ్లీ లైను మీద శ్రద్ధతో వస్తుంది. రెండోది డిజైన్‌లో, లోహంలో, దాన్ని మెషీన్ మీద కోసే తీరులో ఉంటుంది. హ్యుందాయ్ మొదటిదాన్ని అయిదారేళ్లలో సాధించింది. రెండోది ఇరవై ఏళ్ల తర్వాత కూడా దాన్ని ఇబ్బంది పెట్టింది.

నాణ్యత మెరుగుపడ్డాక కూడా పేరు వెంటనే రాలేదు. కంపెనీ తానే చేయించిన పరీక్షల్లో, బ్యాడ్జి తీసేసి చూపిస్తే కొంటామన్నవాళ్లలో కొందరు హ్యుందాయ్ అని తెలిశాక వెనక్కి తగ్గారు. ఆ దూరాన్ని తగ్గించడంలో డిజైన్‌కు నిజంగానే పెద్ద పాత్ర ఉంది. 2006లో డిజైనర్ పీటర్ ష్రేయర్‌ను ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు నుంచి కియా తెచ్చుకుంది. బీఎండబ్ల్యూ వేగపు కార్ల విభాగం నుంచి ఇంజనీరు ఆల్బర్ట్ బీర్మన్ 2015లో వచ్చాడు. 2009లో హ్యుందాయ్ జెనెసిస్ ఉత్తర అమెరికా మేటి కారుగా ఎంపికైంది.

2009 జనవరిలో వచ్చిన మరో పథకం నాకు వీటన్నిటికంటే ముఖ్యమనిపిస్తుంది. అమెరికాలో లక్షల ఉద్యోగాలు పోతున్న రోజులవి. మా కారు కొన్న ఏడాదిలోపు ఉద్యోగం పోతే కారు తిరిగిచ్చేయండి, అప్పు బాధ మీద పడకుండా చూస్తామంది హ్యుందాయ్. మార్కెట్ మొత్తం 20 శాతానికి పైగా పడిపోయిన ఆ ఏడాది హ్యుందాయ్ అమ్మకాలు 8 శాతం పెరిగాయి. కారు తిరిగిచ్చినవాళ్లు కొన్ని వందల మందే. ఎక్సెల్ రోజుల్లో సామాన్యుడి నెత్తిన పడ్డ భారంలో కొంత ఈసారి కంపెనీ తాను మోస్తానంది. జనం ఆ మాటను గుర్తుపెట్టుకున్నారు.

ఇక్కడితో ఆపేస్తే ఇది కంపెనీ వార్షికోత్సవ సంచికలో వ్యాసం అవుతుంది. తర్వాతి పదేళ్లు అంత గొప్పవి కావు. 2012లో మైలేజీ ఎక్కువ చేసి చెప్పారని అమెరికా పర్యావరణ సంస్థ తేల్చింది. సుమారు 9 లక్షల హ్యుందాయ్, కియా కార్ల స్టిక్కర్లు మార్చాల్సి వచ్చింది. 2014లో 10 కోట్ల డాలర్ల జరిమానా పడింది. దానికంటే పెద్ద దెబ్బ థీటా-2 ఇంజన్.

థీటా ఇంజన్లు ఒకప్పుడు ఆ కంపెనీ గర్వకారణం. ఒకనాడు మిత్సుబిషికి రాయల్టీ కట్టిన హ్యుందాయ్, 2000ల్లో మిత్సుబిషి, డైమ్లర్‌క్రైస్లర్‌లతో కలిసిన కూటమిలో ఇంజన్ డిజైన్ ఇచ్చే స్థాయికి చేరింది. ఆ వంశంలోదే థీటా-2. క్రాంక్‌షాఫ్ట్‌ను మెషీన్ మీద కోసినప్పుడు మిగిలిన లోహపు రజను ఆయిల్ దారుల్లో ఉండిపోయింది. ఆయిల్ సరిగా అందక కనెక్టింగ్ రాడ్ బేరింగులు అరిగి, టకటకమని శబ్దం వచ్చి, చివరికి నడిరోడ్డు మీద ఇంజన్ పట్టేసేది. కొన్ని తగలబడ్డాయి. 2015లో 4,70,000 సొనాటాలను వెనక్కి పిలిచారు. 2017లో మరో 12 లక్షల దాకా వాహనాలు చేరాయి.

2015 నాటి రీకాల్ సరిపోదని, కంపెనీ చెప్పాల్సింది చెప్పలేదని బయటపెట్టింది కిమ్ గ్వాంగ్-హో. హ్యుందాయ్‌లో పాతికేళ్లకు పైగా పనిచేసి, నాణ్యత విభాగంలోనే ఉన్న ఇంజనీరు. 2016లో కాగితాలు పట్టుకుని వాషింగ్టన్ వెళ్లి అమెరికా రోడ్డు భద్రతా సంస్థకు ఇచ్చాడు. కంపెనీ ఆయన్ను ఉద్యోగంలోంచి తీసేసింది. 2020లో 16 లక్షల వాహనాల రీకాల్ ఆలస్యం చేసినందుకు హ్యుందాయ్, కియాల మీద మొత్తం 21 కోట్ల డాలర్ల మేరకు చర్యలు పడ్డాయి. 2021లో అమెరికా ప్రభుత్వం కిమ్‌కు 2.4 కోట్ల డాలర్లకు పైగా బహుమతి ఇచ్చింది. ఛైర్మన్ స్వయంగా బోల్టుల రంగు చూసిన కంపెనీలో, ఇరవై ఏళ్లు కూడా గడవకముందే, లోపం గురించి లోపల చెబితే పనికాదని ఒక నాణ్యత ఇంజనీరు సముద్రం దాటాడు. పైవాడి కోపం మీద ఆధారపడిన నాణ్యతకు ఉన్న పరిమితి ఇదే. కోపానికి భయపడి బోల్టులు బిగించినవాళ్లే, అదే భయంతో చెడ్డ వార్తను పైకి పోనివ్వరు. 2020లో రెండు కంపెనీలూ కలిపి థీటా ఖర్చుల కోసం 3.36 లక్షల కోట్ల వాన్ పక్కన పెట్టాయి. ఆ కేటాయింపు జరిగిన త్రైమాసికంలో హ్యుందాయ్ నష్టాల్లోకి జారింది.

అమెరికాలో కార్ల దొంగతనాల వ్యవహారం కూడా ఈ కోవలోదే. తాళంలో ఎలక్ట్రానిక్ గుర్తింపు లేకపోతే ఇంజన్ స్టార్టు కాకుండా ఆపే ఇమ్మొబిలైజర్ చిన్న పరికరం. కెనడాలో, యూరప్‌లో చట్టప్రకారం తప్పనిసరి. అమెరికాలో కాదు. 2015 మోడళ్లలో ఇతర కంపెనీల కార్లలో 96 శాతానికి అది ఉంటే, హ్యుందాయ్, కియాలలో ఉన్నది 26 శాతానికే. యూఎస్‌బీ తీగతో స్టార్టు చేయడమెలాగో వీడియోలు వచ్చాక ఊరూరా ఈ కార్లు మాయమయ్యాయి. చట్టం అడిగిన దేశంలో పెట్టారు. అడగని దేశంలో మిగుల్చుకున్నారు.

ఈ తేడా మీద అందరికంటే గట్టిగా మాట్లాడింది కొరియా ప్రజలే. మాకొక కారు, అమెరికాకొక కారు తయారు చేస్తారని వాళ్ల అనుమానం. అది పోగొట్టడానికి 2015 ఆగస్టులో ఇంచియోన్‌లోని సాంగ్‌డోలో కంపెనీ అమెరికా సొనాటాను, కొరియా సొనాటాను జనం ముందు ఎదురెదురుగా ఢీకొట్టించింది. రెండూ ఒకేలా దెబ్బతిన్నాయి. ఒక కంపెనీ సొంత దేశంలో అలాంటి పరీక్షకు దిగాల్సి వచ్చిందంటే నమ్మకం ఎంత పలచబడిందో ఊహించుకోవచ్చు. థీటా ఇంజన్లకు జీవితకాల హామీని అమెరికాతో పాటు కొరియా యజమానులకూ 2019లో ప్రకటించడం వెనక ఆ ఒత్తిడి ఉంది.

మన దగ్గర కథ వేరే దారిలో నడిచింది. తమిళనాడులోని శ్రీపెరుంబుదూరు దగ్గర ఫ్యాక్టరీ కట్టి 1998 సెప్టెంబరులో శాంత్రో తెచ్చారు. అమెరికాలో పరువు అట్టడుగున ఉన్న ఏడాదే అది. మనవాళ్లకు ఆ పాత చరిత్ర తెలియదు. పొడుగ్గా ఉన్న ఆకారం మొదట వింతగా అనిపించినా, ఎంపీఎఫ్‌ఐ ఇంజన్, లోపల చోటు, ఏసీ చల్లదనం కుటుంబాలకు నచ్చాయి. అప్పుడే మరో కొరియా కంపెనీ దేవూ కూడా మాటిజ్‌తో వచ్చింది. కారు చెడ్డది కాదు. కానీ మాతృసంస్థ 1999లో కుప్పకూలింది. కొన్నవాళ్లు స్పేర్ పార్టుల కోసం తిరగాల్సి వచ్చింది. హ్యుందాయ్ నిలబడింది, సర్వీసు సెంటర్లు జిల్లా కేంద్రాలకు చేరాయి. మన దేశంలో ఆ పేరు నిలబెట్టింది ఎక్కువగా ఇదేనని నా అంచనా. 2015లో క్రెటా వచ్చేనాటికి హ్యుందాయ్ కొనేవాళ్లు చవకని కొనడం లేదు.

తెలుగు నేలతో బంధం తర్వాత గట్టిపడింది. హైదరాబాద్‌లో ఆ గ్రూపు ఇంజనీరింగ్ కేంద్రం ఉంది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీకి 2017లో ఒప్పందం కుదిరింది. అప్పుడు అనుకున్న సామర్థ్యం ఏడాదికి 3 లక్షల కార్లు. 2019 ఆగస్టులో అక్కడ తయారైన సెల్టోస్ విడుదలైంది. కరవు సీమలో కారు తయారవుతుందంటే ఆశ్చర్యపోయిన ఊళ్ల పిల్లలు ఇప్పుడు అక్కడ షిఫ్టుల్లో పనిచేస్తున్నారు. అందుకు సంతోషించాలి. సంతోషిస్తూనే అడగాల్సినవి అడగాలి.

కార్ల భద్రతను కొలిచే గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షల్లో మన దేశపు శాంత్రోకు 2019లో రెండు నక్షత్రాలే వచ్చాయి. 2020లో గ్రాండ్ ఐ10 నియోస్‌కు రెండు, సెల్టోస్‌కు మూడు. ఆస్ట్రేలియాలో అమ్మే సెల్టోస్‌కు అక్కడి పరీక్షలో అయిదు. పరీక్ష పద్ధతులు ఒకటి కావు, ఎయిర్‌బ్యాగుల సంఖ్యా ఒకటి కాదు. కానీ ఎయిర్‌బ్యాగులు తక్కువ ఎందుకు పెట్టారన్నదే కదా మన ప్రశ్న. ఆ విమర్శలు, పోటీ కంపెనీలు నక్షత్రాలు చూపి అమ్మడం మొదలుపెట్టాక మార్పు వచ్చింది. 2023లో వెర్నాకు అయిదు నక్షత్రాలు వచ్చాయి. ఆ ఏడాది అక్టోబరులోనే అన్ని మోడళ్లలోనూ ఆరు ఎయిర్‌బ్యాగులు తప్పనిసరిగా ఇస్తామని హ్యుందాయ్ ప్రకటించింది. చేయగలిగిన పనే. అడిగేదాకా చేయలేదు.

మొత్తం మీద నా తీర్పు ఇది. హ్యుందాయ్ కోలుకోవడం నిజం, గొప్పది, కష్టపడి సంపాదించుకున్నది. దాన్ని ఒక్క ఛైర్మన్ ఘనతగానో, ఒక ప్రకటన మహిమగానో చెప్పడం సరికాదు. పదేళ్ల హామీ పత్రం, రిపేరు బిల్లుల కుప్ప, కఠినమైన నియంత్రణ సంస్థ, ఒక మొండి ఇంజనీరు, ఊరుకోని కొనుగోలుదారులు కలిసి ఆ కంపెనీని మంచి కార్లు చేసేలా నెట్టారు. ఆ పదేళ్ల హామీ మన దేశానికి ఇంకా రాలేదు.

కొత్త కారు కోసం షోరూముకు వెళ్లే పాఠకులకు ఒక్క విన్నపం. ఏ కంపెనీ అయినా సరే, మైలేజీ, సన్‌రూఫ్ అడగడానికి ముందు హామీ ఎన్నేళ్లో, ఏయే భాగాలకో, క్రాష్ పరీక్షలో ఎన్ని నక్షత్రాలో అడగండి. కొన్నాక ఏ చిన్న శబ్దం వచ్చినా సర్వీసు సెంటర్లో నోటిమాటతో వదిలేయకుండా జాబ్ కార్డులో రాయించి కాపీ తీసుకోండి. ఫ్యాక్టరీ దాకా చేరేది ఆ కాగితమే.